రెండో కొస

మా అమ్మాయి ఇంట్లో బక్కెట్లన్నీ బోర్లించి ఉంటాయి. గుడివాడలో వేసవి వస్తే కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి ఊరంతా డ్రమ్ములు నింపి పెట్టుకుంటుంది. మా అమ్మాయీ నింపుతుంది. నింపిన డ్రమ్మును బాత్రూంలో పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంటుంది. స్నానానికి వెళ్ళాలంటే అల్లుడుగారైనా ఆమెను అడగాల్సిందే. ఏమే, బాత్రూంలో బంగారం దాచావా అని నేనెప్పుడూ అనలేదు. అనే నోరు నాకుంది. అనే మొహమే లేదు.

ఆ తాళం వేయించింది నేను. నలభయ్యేళ్ళు దాటింది, ఆ సంగతి అమ్మాయితో చెప్పాలనుకుంటూ, చెప్పలేక మింగుతూ వచ్చాను. ఈ వేసవిలో పెడనలో బస్సెక్కినప్పుడు మాత్రం, చెప్పకుండా గుడివాడ నుంచి తిరిగి రాకూడదని గట్టిగా అనుకున్నాను. నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఇంకెప్పుడు చెబుతాను?

మాది అద్దకం పని. మా ఆయన బట్ట మీద అచ్చులు వేసేవాడు, నేను ఉతికేదాన్ని. అచ్చు వేసిన బట్ట తాను ఎండాక పారే నీళ్ళలో జాడించాలి. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని నీళ్ళలో ఆడిస్తూనే ఉండాలి. ఆపితే మిగులు రంగు తెల్లటి చోటికి కమ్ముకుంటుంది. అలా కమ్మిన తాను ఇక దేనికీ పనికిరాదు. రోజూ నాతో రెండో కొస పట్టుకునేది పక్కింటి వదిన. ఆ సంగతి జరిగిన రోజు ఆమెకు జ్వరం.

నా కోపం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు నా నోటికి వీధి వీధంతా జడిసేది. తాను పాడైందంటే ఎంతటివాళ్ళనైనా కడిగి ఆరేసేదాన్ని. పిల్లలని కూడా చూసేదాన్ని కాదు. పనిలో మా ఆవిణ్ణి మించినవాళ్ళు లేరని మా ఆయన నలుగురిలో అనేవాడు, అది విని ఇంకా రెచ్చిపోయేదాన్ని.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, పిల్లాడికి ఏడాదిన్నర. తమ్ముణ్ణి చూసుకోమని దానికి చెప్పి, ఇద్దర్నీ గట్టు మీద చెట్టు నీడన కూర్చోబెట్టాను. మేం ఉతికేది పిల్లకాలవ, పెద్దవాళ్ళకి మోకాలి లోతు కూడా ఉండదు. ఒక కొస అవతలి గట్టున రాయికి కట్టి ఒక్కదాన్నే జాడించడం మొదలుపెట్టాను. రెండో తాను దగ్గర ముడి ఊడిపోయింది. బట్ట వడికి చుట్టుకుపోతోంది.

"ఒసేయ్, ఇలా వచ్చి ఆ కొస పట్టుకో," అని కేకేశాను.

"తమ్ముడమ్మా," అంది.

"వాడెక్కడికీ పోడు. రమ్మంటే రావేం?" అన్నాను. ఇవి నా మాటలే. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

అది వాణ్ణి వదిలి వచ్చింది. కాలవ దాటి అవతలి వైపు నిలబడి కొస పట్టుకుంది. చెట్టు నా వెనక ఉంది. ఇద్దరం ఆడించాం. తానుకి ఒక్క మరక అంటలేదు. అమ్మయ్య అనుకుని తల తిప్పితే గట్టు మీద పిల్లాడు లేడు.

దిగువన తూము దగ్గర గుంట లోతు. అక్కడ దొరికాడు. జనం పోగయ్యారు. మా ఆయన పరుగెత్తుకొచ్చి, "వీణ్ణి ఎవరు చూస్తున్నారు?" అని నన్నే అడిగాడు. నేను మా అమ్మాయి రెక్క పట్టుకుని ముందుకు లాగాను. "దీన్ని చూసుకోమన్నాను కదండీ," అన్నాను. అది అబద్ధం కూడా కాదు, అందుకే మరీ ఘోరం. మా ఆయన దాన్ని కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఆయన పోయేదాకా దాన్ని తిన్నగా పలకరించలేదు.

అమ్మే పిలిచిందని అది ఒక్కనాడూ అనలేదు. చిన్నపిల్ల, భయంలో మర్చిపోయిందనుకున్నాను. అలా నమ్మబట్టే నా గొంతులో ముద్ద దిగింది. పెద్దదై, పెళ్ళయి గుడివాడ వెళ్ళాక రోజూ రెండుపూటలా ఫోన్ చేసి "తిన్నావా అమ్మా?" అని అడుగుతుంది. నీ కూతురు బంగారం అంటారు అందరూ. నిజం తెలిస్తే ఆ ఫోన్ ఆగిపోతుందని నా భయం. ఉన్న ఒక్క బిడ్డా పోతుందని భయం.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఉతికాను. మనిషిని మాత్రం మళ్ళీ పట్టుకోమనలేదు, రెండో కొస రాయికే కట్టాను. జాడిస్తుంటే వెనక గట్టు మీద వాడు చప్పట్లు కొట్టినట్టు వినిపించేది. తడి బట్ట నీళ్ళ మీద పడే చప్పుడని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ తిరిగి చూసేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా బట్ట జాడించిన చప్పుడైతే నా మెడ దానంతటదే తిరుగుతుంది. ఎవరూ ఉండరు.

మొన్న నేను వెళ్ళేసరికి నా మనవరాలు కూడా బందరు నుంచి పిల్లాడితో వచ్చి ఉంది. వాడికీ ఏడాదిన్నరే. మా అమ్మాయి తన కొంగు వాడి మొలతాడుకు ముడేసి ఇల్లంతా తిరుగుతోంది. వాడు గింజుకుని ఏడుస్తున్నాడు. మనవరాలికి ఒళ్ళు మండింది.

"వాడేమన్నా దూడా అమ్మా?" అని ముడి విప్పేసి, వాణ్ణి తీసుకుని నా దగ్గరికొచ్చి కూర్చుంది. "అమ్మమ్మా, చిన్నప్పుడు తమ్ముణ్ణి సరిగ్గా చూసుకోక నీళ్ళపాలు చేశానని అమ్మే చెప్పింది నాకు. ఆ భయమంతా తెచ్చి వీడి మీద రుద్దుతోంది. నువ్వైనా చెప్పొచ్చుగా."

నేను వేసిన నిందని నా కూతురు తన కూతురికి కూడా అప్పజెప్పింది. ఆ పిల్ల కూడా తల్లిని అలాగే చూస్తోంది.

మర్నాడు పొద్దున కరెంటు లేదు. పిల్లాడు పక్క తడిపితే మా అమ్మాయి పెద్ద దుప్పటిని చేత్తోనే ఉతికి డాబా మీదికి తెచ్చింది. మనవరాలు కింద పిల్లాడికి అన్నం పెడుతోంది. పిండడానికి మా అమ్మాయి ఒక కొస నాకు అందించింది. ఆరోజు తర్వాత మేమిద్దరం కలిసి తడి బట్ట పట్టుకోవడం అదే మొదటిసారి. అయినా పట్టుకున్నాను.

"అమ్మాయ్, ఆరోజు నిన్ను పిలిచింది నేను," అన్నాను. "వాణ్ణి వదిలి రమ్మంది నేను. మీ నాన్న అడిగితే నీ మీదికి తోసేశాను. నీ తప్పేం లేదు. నీకు గుర్తుండకపోవచ్చు."

"ఎందుకుండదమ్మా? రెండో కొస పట్టుకుంది నేనేగా," అంది.

దుప్పటి మెలి తిప్పుతూనే ఉంది.

"మరి చెప్పలేదేమే ఇన్నేళ్ళూ? నన్ను నాలుగు తిట్టొచ్చుగా."

"నువ్వే చెబుతావని చూశాను. నా పెళ్ళప్పుడు చెబుతావనుకున్నా. పురిటికి తీసుకెళ్ళినప్పుడు చెబుతావనుకున్నా." కొస సరిచేసి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పినా నాకు తేలికేం కాదులే అమ్మా. చెట్టు నీ వెనక ఉంది. నాకు ఎదురుగా ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అది ఇంకో మెలి తిప్పింది.

"వాడు లేవడం చూశాను. గట్టు వెంట తూము వైపు నడవడం చూశాను. వదిలేసి పరిగెడితే తాను కొట్టుకుపోతుంది. నువ్వు తిడతావు. నీకు కోపం వస్తుందని కొస వదల్లేదమ్మా."

వాడు పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు. ఏడుస్తూనే దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో కింద పిల్లాడు గట్టిగా ఏడ్చాడు. అన్నం వద్దని పేచీ, అంతే. మా అమ్మాయి చేతిలో కొస వదిలేసి మెట్ల వైపు పరుగెత్తింది. ఉతికిన దుప్పటి డాబా మీద దుమ్ములో పడింది.

నేనేమీ అనలేదు.