వాగులో మునిగిన అన్నదమ్ములు

1984 ఫిబ్రవరి, రెండో శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. స్థలం: పాస్టరుగారి ఇంటి వరండా. హాజరైనవారు: పాస్టరుగారు, సంఘపెద్ద, మా నాన్న, పెళ్లికూతురి తండ్రి, నేను. పిలవకుండా వచ్చినవారు: మా మామ్మ. విషయం: నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి నాకు ఏమవుతుంది.

ఆ రోజుల్లో ఏది జరిగినా ముందు తేదీ, తర్వాత హాజరు, ఆ తర్వాతే విషయం రాసేవాణ్ణి. (ఇప్పటికీ అంతే. మొన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి "హాజరు: డాక్టరు, నేను, పన్ను" అని రాసుకున్నాను.) కాగితం మీద లేనిది లోకంలో లేదని, కాగితం మీదికి ఎక్కింది అబద్ధం కాదని నాకు గట్టి నమ్మకం. ఇరవై ఆరేళ్లవాడికి అలాంటి నమ్మకం ఉండటం ఒక రోగం. ఆ రోగం ఎలా కుదిరిందో చెప్పడానికే ఈ పాత డైరీ తీశాను.

సత్తెనపల్లిలో బస్సెక్కి, దిగాక మళ్లీ రెండు మైళ్లు మిరప చేల మధ్య నడిస్తే మా ఊరు. ఆ ఊరి మిషను బడిలో నేను మాస్టర్ని. పొన్నూరు దగ్గర ఇంకో మిషను బడిలో పనిచేసే టీచరమ్మతో నాకు సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి నా చొక్కా జేబులో ఉన్న మూడు పెన్నులు చూసి, "మూడూ రాస్తాయా అండీ?" అని అడిగింది. రాస్తాయన్నాను. నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది. ఆ వంచిన తల చూసిన క్షణం నుంచి నాకు ఇంకో సంబంధం వద్దు. మాటలన్నీ అయ్యాక తెలిసింది, ఆ అమ్మాయి మా "పొన్నూరు తాత"కి కొడుకు కూతురని. పొన్నూరులో స్థిరపడినా ఏటా మిరప కోతలకి వచ్చి మూడేసి నెలలు మా ఇంట్లోనే ఉండి, మా తాతయ్య పక్క మంచం మీదే పడుకునే మనిషి ఆయన. అప్పటికి తాతలిద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఇంటిపేర్లు వేరు, మనుషులు తెలిసినవాళ్లు, ఇంకేం కావాలి అని మా నాన్న సంబరపడ్డాడు.

మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. "ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను" అని పాస్టరుగారు అడిగి, మర్యాదకి రెండు క్షణాలు ఆగి, పాట నంబరు చెబుతారు. ఆ రెండు క్షణాల్లో ఎవరో ఒకరు దగ్గడం తప్ప మరేమీ జరిగి ఎరుగం. రెండో ఆదివారం మా సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన్ని ఊరంతా రూళ్లకర్ర అనేవాళ్లు (ఎదురుగా కాదు). తను వంగడు, పక్కవాళ్లు వంకరగా ఉంటే ఊరుకోడు. నిజాయితీపరుడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"ఈ పెళ్లి కుదరదండి పాస్టరుగారూ. వీళ్ల తాతలిద్దరూ అన్నదమ్ములు. పిల్ల వీడికి చెల్లెలు వరస" అన్నాడు.

మా వైపు మేనమామ కూతురైతే మరదలు, ఎదురెళ్లి తెచ్చుకుంటారు. బాబాయి కూతురైతే చెల్లెలు, రెండు తరాలు కిందికి దిగినా చెల్లెలే. మా నాన్న లేచి, "ఇంటిపేర్లు వేరు కదండీ" అన్నాడు. "తల్లులు అక్కచెల్లెళ్లయితే? అప్పుడూ పిల్లలు అన్నదమ్ములే" అన్నాడు రూళ్లకర్ర. ఆధారమేమిటని పాస్టరుగారు అడిగితే, "ఉంది. గవర్నమెంటు ఆధారం. అడగాల్సినప్పుడు అడగండి, చూపిస్తాను" అని కూర్చున్నాడు. (ఒకసారి నరసరావుపేట కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చాడు. అప్పటి నుంచి ఆయనకి దేన్నైనా ఆఖర్న చూపించడం అలవాటైంది.) శనివారం సాయంత్రంలోగా వరస తేలితే మూడో ప్రకటన చదువుతానని, తేలకపోతే చదవనని పాస్టరుగారు చెప్పేశారు. ఆ తర్వాత శ్రమల కాలం వస్తుంది, ఈస్టరు దాకా పెళ్లిళ్లుండవు. అప్పటిదాకా ఆగలేమని, ఇంకో సంబంధం చూసుకుంటామని, ఆ రోజు పొన్నూరు నుంచి వచ్చి ఉన్న అమ్మాయి తండ్రి మర్యాదగానే అన్నాడు.

ఇంటికెళ్లి నాన్నని పట్టుకున్నాను. "పొన్నూరు తాత నీకు ఏమవుతాడు?"

"బాబాయి అని పిలిచేవాణ్ణి."

"నిజం బాబాయేనా?"

"పిలిస్తే పలికేవాడురా. కిరసనాయిలు బండి అతన్నీ బాబాయనే పిలుస్తాను, అతను మనకేమీ కాడు." కాసేపు ఆలోచించి, "ఏమో, వాళ్లమ్మది కూడా ఈ ఊరే" అని ఇంకో చిక్కు ముడేశాడు. మామ్మని అడుగుదామంటే వద్దన్నాడు. మామ్మ అంటే తాతయ్య భార్య. కోతల కాలమంతా పొలంలో మిరప కళ్లం దగ్గరే కాపలా ఉంటుంది, ఊళ్లోకి రాదు. "ఈ సంగతి తెలిస్తే కర్రుచ్చుకుని రూళ్లకర్ర ఇంటి మీదికి పోతుంది. ఉన్న గొడవ చాలదా" అన్నాడు. నేనూ సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, అక్షరం ముక్క రాని ముసలమ్మ మాట నాకు ఆధారంగా ఆనలేదు. మందిరం వెనక గదిలో ఇనప్పెట్టె నిండా బాప్తిస్మపు రిజిస్టర్లున్నాయి కదా.

సోమవారం నుంచి బడి వదలగానే ఆ గదిలో కూర్చున్నాను. నా పద్ధతి చాలా చక్కటిది. నాలుగు డ్రాయింగు కాగితాలు అతికించి, కింద నన్నూ ఆ అమ్మాయినీ రెండు మూలల్లో వేసి, పైకి ఎక్కుతూ పోవడం. ఎక్కాల్సింది తాతల తల్లుల దాకానే. మా తాతయ్య దగ్గర "తల్లి: మరియమ్మ" అని ఉంది. పొన్నూరు తాత దగ్గరా "తల్లి: మరియమ్మ" అనే ఉంది. పటంలో రెండు గీతలూ కలిపేశాను. ఇంకో పుట తిప్పితే ఇంకో మరియమ్మ. ఆ కాలంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లకి మిషను దొరగారు ఇచ్చిన పేర్లు నాలుగో అయిదో, అందులో మరియమ్మలే ఎక్కువ. లెక్కపెడితే పదకొండు మంది తేలారు. పైగా ఆ పేర్లు మందిరం వరకే, ఇంటికొస్తే అందరూ మళ్లీ పిచ్చమ్మలూ నాగమ్మలూ. రిజిస్టరు రాసే ఉపదేశి ఒక పుటలో మందిరం పేరు రాస్తే, ఇంకో పుటలో ఇంట్లో పిలిచే పేరు రాశాడు. ఒకే మనిషి ఇద్దరవుతున్నారు, ఇద్దరు కలిసి ఒకరవుతున్నారు.

సోమవారం నాటి పటం ప్రకారం ఆ అమ్మాయి నాకు చెల్లెలు. మంగళవారం ఒక మరియమ్మని తీసేసి ఇంకో మరియమ్మని పెడితే పిన్ని అయింది. బుధవారం చెదలు తిన్న రిజిస్టరు ఒకటి దొరికింది. దాన్ని కలిపేసరికి మా నాన్న తనకి తనే పెదనాన్న అయ్యాడు. గురువారం బడిలో ఒకటో తరగతి పిల్లవాడొకడు పక్కవాణ్ణి చూపించి, "ఈడు నాకు మావయ్య అవుతాడు సార్, కొట్టగూడదంట" అన్నాడు. మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. ఆ రోజు కుర్చీలో కూలబడి, "ఎట్టా అవుతాడు? తల్లి వైపా, తండ్రి వైపా?" అని వాణ్ణి అడిగాను.

అదే రోజు పొన్నూరు నుంచి ఇన్లాండు ఉత్తరం వచ్చింది. పైన సంబోధన రాయాల్సిన చోట ఖాళీ. "మిమ్మల్ని ఏమని పిలవాలో ఈ వారం తెలియడం లేదు కాబట్టి ఖాళీ వదిలాను. తేలాక చెబితే పూర్తి చేస్తాను. మా నాన్నగారు తాడేపల్లి సంబంధం గురించి మాట్లాడుతున్నారు. మీరు తొందరగా తేల్చాలి" అని నాలుగు వాక్యాలు. నేను ఆ ఉత్తరం ముప్పై సార్లు చదివి, తేదీ వేసి, డైరీలో అతికించుకున్నాను.

శనివారం వరండా మీద నా పటం పరిచాను. నాలుగు మూలలా పాస్టరుగారి పాటల పుస్తకాలు పెట్టాల్సొచ్చింది. పాస్టరుగారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఈ గీత ప్రకారం నువ్వింకా పుట్టలేదు గదయ్యా" అన్నారు. "అక్కడ చెదలండి" అన్నాను. ఇక లాభం లేదని ఆయన రూళ్లకర్ర వైపు తిరిగి ఆధారం చూపించమన్నారు.

రూళ్లకర్ర గొంతు సవరించుకున్నాడు. "వీడి డైరీలు తియ్యమనండి. మూడేళ్ల కిందటిది."

మూడేళ్ల కిందట జనాభా లెక్కలకి మాస్టర్లని వేశారు. మా పేట నాకు పడింది. ఇల్లిల్లూ చూపిస్తూ నా వెంట తిరిగిన పెద్దమనిషి రూళ్లకర్రే. ఫారాలు గవర్నమెంటుకి ఇచ్చేసినా, ప్రతి ఇంటి వివరం రాత్రి డైరీలోకి ఎక్కించుకున్నాను. (అలా రాసుకోకూడదట. ఎవరూ చెప్పలేదు.) డైరీలన్నీ వెంట తెచ్చుకున్నాను, ఆ పుట తీసి చదివాను. "ఇంటి యజమాని: తాతయ్య. రెండు: మామ్మ, భార్య. మూడు: పొన్నూరు తాత. యజమానితో సంబంధం: తమ్ముడు."

"దస్తూరీ ఎవరిది?" అన్నాడు రూళ్లకర్ర.

"నాదేనండి."

"నేను పక్కనే నిలబడ్డాను. మీ తాత చెప్పాడు, నువ్వు రాశావు, పైకి చదివి వినిపించావు. గవర్నమెంటు పుస్తకంలోకి అబద్ధం రాశావా మరి?"

వారం రోజులు ఇనప్పెట్టెలో వెతికిన ఆధారం నా చంకలోనే ఉంది. అమ్మాయి తండ్రి లేచి కండువా దులుపుకున్నాడు. నేను తాడేపల్లి ఎటువైపుందో ఆలోచిస్తున్నాను.

అప్పుడే రూళ్లకర్ర తుమ్మాడు. తర్వాత పాస్టరుగారు, తర్వాత మేమందరం. మెట్ల దగ్గర మామ్మ నిలబడి ఉంది. ఒళ్లంతా కళ్లంలోని మిరప ఘాటు, చేతిలో ఆరిన చుట్ట. తెల్లబారిన తాలు కాయలు ఏరడానికొచ్చిన ఆడవాళ్లు ఆమెకి సంగతి చెప్పేశారట.

"ఏరా, నా మనవడి పెళ్లికి అడ్డం లేచింది నువ్వేనా?"

"నేను కాదత్తా, రికార్డు" అన్నాడు రూళ్లకర్ర, ముక్కు తుడుచుకుంటూ.

సంగతంతా పాస్టరుగారే చెప్పారు. మామ్మ వింటూ మెట్టు మీద కూర్చుంది. వెంటనే కోప్పడుతుందనుకున్నాం. పడలేదు. "తమ్ముడేనయ్యా" అంది. నా ప్రాణం అక్కడికక్కడే పోయింది. "ఆ పిల్లోడికీ మనకీ నెత్తురు చుట్టరికం లేదు. బాప్తిస్మం తీసుకున్నాడని వాళ్ల నాన్న ఇంట్లోంచి గెంటేశాడు. తడిబట్టల్తో వాగొడ్డున కూర్చుని ఏడుస్తన్నాడు. ఈళ్ల తాత పోయి చెయ్యి పట్టుకుని, ఒకే నీళ్లలో మునిగాం, ఇయ్యాళ్టి నుంచి నువ్వు నా తమ్ముడివి, నడువు ఇంటికి, అన్నాడు. చచ్చేదాకా ఆ మాట తప్పలా. లెక్కలోళ్లొచ్చి అడిగితే ఇంకేం చెబుతాడు?"

అమ్మాయి తండ్రి మళ్లీ కూర్చున్నాడు. తన తండ్రి కథ అది, ఆయన కూడా అప్పుడే వింటున్నట్టున్నాడు.

రూళ్లకర్ర మాత్రం నిజాయితీగా, "అయితే ఒకే నీళ్లలో మునిగినోళ్లు అన్నదమ్ములే అవుతారు గదత్తా" అన్నాడు.

"అట్టాగా? ఆ రోజు వాగులో ఇంకెవరెవరు మునిగారో సదవరా మనవడా."

అది నాకు చేతనైన పని. ఆ నాటి బాప్తిస్మపు పుట మొత్తం ఈ వారమే డైరీలోకి ఎక్కించి పెట్టుకున్నాను. పద్నాలుగు, తాతయ్య. పదిహేను, పొన్నూరు తాత. పదహారో నంబరు దగ్గర ఆగిపోయాను. అది మామ్మ.

"అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెల్లు" అంది మామ్మ. "మునిగినోళ్లంతా తోబుట్టువులయితే నేను ఈళ్ల తాతకి చెల్లెల్నిరా. ఇదుగో, ఈ కొడుకు ఎట్టా పుట్టాడంటావు?" మా నాన్న తల దించుకున్నాడు. "ఇంకా సదువు."

చదివాను. ఇరవై రెండు రూళ్లకర్ర వాళ్ల నాన్న. ఇరవై మూడు రూళ్లకర్ర వాళ్లమ్మ.

పాస్టరుగారు తుమ్ము వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ తుమ్ము చాలాసేపటికి గానీ ఆగలేదు. రూళ్లకర్ర నా డైరీ తీసుకుని ఆ రెండు పేర్లూ తనే చదువుకున్నాడు. "మరి తమ్ముడు కాడని రాయించాలా అత్తా?" అని చిన్న గొంతుతో అడిగాడు.

"వద్దు. ఆ మాట కొట్టెయ్యబోకండి. తమ్ముడే. పెళ్లికి అడ్డమొచ్చే తమ్ముడు కాడు, అంతే." చుట్ట వెలిగించబోయి, పాస్టరుగారి ఇల్లని గుర్తొచ్చి ఆగిపోయింది.

మర్నాడు ఉదయం మందిరంలో మామ్మ కళ్లం నుంచి తిన్నగా వచ్చి రూళ్లకర్ర భార్య పక్కన కూర్చుంది. మొదటి బస్సులో అమ్మాయి, వాళ్లమ్మ వచ్చారు. పాస్టరుగారు మూడో ప్రకటన చదివి, అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను అన్నారు. రెండు క్షణాలు. రూళ్లకర్ర గట్టిగా దగ్గాడు. సంఘమంతా వెనక్కి తిరిగింది. "మిరప ఘాటండి" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు.

ఆరాధన అయ్యాక నేను గేటు దగ్గర డైరీ పట్టుకుని నిలబడ్డాను. ఉత్తరం ఉన్న పుట తీసి, పెన్ను మూత విప్పి, సంబోధన పూర్తి చేయించడానికి సిద్ధంగా ఉన్నాను. రికార్డు ప్రకారం నేను ఆమెకి ఏమీ కానని, కాబట్టి ఏమైనా కావచ్చునని చెప్పడానికి రెండు వాక్యాలు కూడా రాసి పెట్టుకున్నాను. (పాపం ఆ కుర్రాడు. వారమంతా కాగితాల్లో మునిగి ఏమీ నేర్చుకోలేదు.) ఆమె వాళ్లమ్మ వెనకే నన్ను దాటి వెళ్లిపోయింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఏమండీ, పెన్నుకి మూత పెట్టుకోండి. చొక్కాకి సిరా అవుతోంది" అంది.

ఉత్తరంలో ఆ ఖాళీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నలభై ఏళ్లకి పైగా ఆమె నన్ను ఆ ఒక్క మాటతోనే పిలుస్తోంది. ఏ వరసకీ చెందని పిలుపది, ఏ రిజిస్టరులోనూ దొరకదు. ఆ ఆదివారం డైరీలో హాజరు రాయలేదు, విషయం రాయలేదు. తేదీ, దాని కింద ఒక సిరా మరక, అంతే.