మూడు డిగ్రీలు ఎటుపోయాయి?

డిగ్రీల మాస్టారికి థర్మామీటరంటే గిట్టదు. దేని వేడి ఎంతో తెలియాలన్నా కుడిచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపు ఆనించి, కళ్లు మూసుకుని అంకె చెబుతారు. ఆ అంకె తప్పని రుజువు చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ముప్పై ఏళ్లు వేడి గురించే పాఠాలు చెప్పిన మనిషి. చెప్పీ చెప్పీ ఆ వేడితో చుట్టరికం కలుపుకున్నారని కోఆర్డినేటర్ అమ్మాయి నమ్మకం.

ఈ అమ్మాయి పని చెప్పుకోవాలి. ఐదు పరిశోధనశాలలు, మూడు కాలేజీలు, ఒక అద్దకం ఫ్యాక్టరీ కలిసి ఒక యంత్రం తయారుచేస్తున్నాయి. వాళ్లందరినీ ఒక తాటిమీద నడిపించడం ఆమె ఉద్యోగం. యంత్రం సంగతి, దాని లెక్కలు సరిచూసి సంతకం పెట్టే మాస్టారు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. "ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక్కి తోస్తుందా లేదా? ఇదీ అంతే. కాలవలో పోయే గోరువెచ్చటి నీళ్లలోంచి వేడి లాగి, పైకి తోసి తోసి, నూటనలభై డిగ్రీల ఆవిరి చేస్తుంది. బొగ్గు అక్కర్లేదు." ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు గగుర్పొడిచేది. పారబోసిన నీళ్లతో ఫ్యాక్టరీ నడవడమంటే మాటలా మరి.

మాస్టారున్న చోట అబద్ధమాడటం మాత్రం కష్టం. ఐదు శాలల్లో మీటర్ల పని చూసే శాల డాక్టరుగారు ఒకరోజు ఆలస్యంగా వచ్చి, "తొమ్మిదింటికే వచ్చానండీ, కింద లైబ్రరీలో ఉన్నాను" అన్నారు. మాస్టారు నెమ్మదిగా బయటికెళ్లి ఆయన స్కూటరు ఇంజను మీద చెయ్యి ఆనించి వచ్చారు.

"బండి ఆగి ఏడు నిమిషాలయింది" అన్నారు.

డాక్టరుగారు స్కూటరు తాళం జేబులో దాచుకున్నారు. మాస్టారిని మొదటిసారి కలిసినప్పుడు ఈ అమ్మాయి నమస్కారం పెట్టకుండా చెయ్యి చాపింది. మాస్టారు ఆ చెయ్యి వదలకుండా, "నూటొకటి దాటింది. ఇంటికెళ్లి పడుకో అమ్మాయ్, మీటింగు ఎక్కడికీ పోదు" అన్నారు. సాయంత్రానికి ఆమె దుప్పటి కింద వణుకుతోంది. అప్పట్నుంచీ ఆయన చెయ్యంటే ఆమెకి భక్తి.

మాస్టారి భార్య అంత తేలిగ్గా పడిపోయే మనిషి కాదు. "ఇద్దరు పిల్లల స్నానాలకీ నీళ్లు ఈయనే చూశారమ్మా. చూసీ చూసీ అవి చల్లారిపోయేవి. నేను మళ్లీ కాచేదాన్ని" అని వాపోయేవారు.

అసలు గొడవ ఫ్యాక్టరీలో మొదలైంది. అద్దకం తొట్లలోంచి వచ్చే నీళ్లు నలభై మీటర్ల గొట్టంలో నడిచి కాలవలో పడతాయి. ఆ గొట్టం చివరే యంత్రం పెట్టాలి. తొట్టి దగ్గర మీటరు అరవైఆరు డిగ్రీలంది. చివర ఎంత ఉందో మాత్రం ఎవరూ చూడలేదు. ఐదు శాలలవాళ్లూ ఆ పని మిగతా నలుగురిలో ఎవరో చేసి ఉంటారనుకున్నారు. నలుగురు కలిసిన చోట ఇలాంటి పని ఒకటి తప్పకుండా మిగిలిపోతుంది.

మాస్టారు ఆ గొట్టం పొడుగునా మెల్లిగా నడిచి, చివర చెయ్యి పెట్టి, "అరవైమూడు. యంత్రం దీనికి సరిపడేలా కట్టండి" అన్నారు.

"వేడి పోకుండా అంత తొడుగు చుట్టిన గొట్టంలో అర డిగ్రీ పోతే గొప్ప. మూడెలా పోతాయండీ?" అన్నారు డాక్టరుగారు.

"ఎలా పోతే ఏం? పోయాయి."

"పోనీ చివర ఒక మీటరు పెట్టిస్తాను మాస్టారూ" అంది అమ్మాయి.

"అక్కర్లేదు. నా చెయ్యి ఉందిగా."

ఎంత చెప్పినా వినలేదు. అరవైమూడుకి కట్టాలంటే యంత్రం పెద్దది కావాలి, పని మూడు నెలలు వెనక్కిపోతుంది. కట్టకపోతే సంతకం పెట్టనని భీష్మించుకు కూర్చున్నారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లని అందరూ తిట్టుకున్నారు. ఆ తిట్లన్నీ వచ్చి పడింది అమ్మాయి నెత్తిమీదే. ఆమెకీ కోపం వచ్చింది. అయినా జ్వరం నాటి మాట గుర్తొచ్చి, అన్ని శాలలకీ ఉత్తరం రాసేసింది. ఒక మనిషి చేతిని నమ్మి ఐదు శాలల లెక్కా మార్చినందుకు తనే జవాబుదారీ అని ఆమెకి తెలుసు. ఈ యంత్రం నడవకపోతే రెండో విడతలో రావాల్సిన తొమ్మిది ఫ్యాక్టరీలూ పోతాయి, బొగ్గు బాయిలర్లు ఎప్పట్లాగే పొగ కక్కుతుంటాయి.

యంత్రం కట్టి, దాన్ని పరీక్షించే రోజు ఉదయం పదింటికి డబ్బు మంజూరు చేసే కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు ఆచి తూచి మాట్లాడే పెద్దావిడ. యంత్రం మీట నొక్కారు. లోపలికొచ్చే నీళ్ల దగ్గర మీటరు గిరగిరా పైకెక్కి ఒక చోట ఆగింది. అరవైమూడు.

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అరవైమూడే. కాసేపటికి అవతలి గొట్టంలోంచి ఆవిరి బుస్సుమంటూ వచ్చింది. పక్కన బాయిలరు చల్లగా పడి ఉంది, అయినా అద్దకం తొట్లు మరుగుతున్నాయి. అరవైఆరుకి కట్టి ఉంటే ఈ ఆవిరి వచ్చేది కాదని లెక్క తెలిసిన ప్రతివాడికీ అర్థమైంది. అమ్మాయికి మాస్టారి కాళ్లమీద పడాలనిపించింది. నాలుగు మాటలు అనాలనీ అనిపించింది.

అధ్యక్షురాలు మాత్రం కాగితం మీంచి తలెత్తలేదు. "బాగుంది. అక్కడ అరవైఆరు, ఇక్కడ అరవైమూడు. మధ్యలో మూడు డిగ్రీలు ఎటుపోయాయి? ఇది తేలకుండా నేను రెండో విడతకి సంతకం పెట్టలేను."

అమ్మాయి మాస్టారి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు.

అప్పుడు బాయిలరు నడిపే పెద్దాయన టోపీ తీసి ముందుకొచ్చాడు. "నాదండీ తప్పు. గోడవతల ఆడవాళ్లు రంగుబట్టలు జాడిస్తారు. చలికాలం ఆ కుళాయి నీళ్లకి వేళ్లు పగిలి రక్తాలు కారేవి. ఆరేళ్ల కింద గొట్టం మీద తొడుగు విప్పి, రాగిగొట్టం చుట్టి, కుళాయి నీళ్లు అందులోంచి రప్పించాను. ఎవర్నీ అడగలేదు. మాస్టారు మొదటిరోజే తొడుగు విప్పి చూశారు. మళ్లీ ఆయనే కట్టేశారు. నన్నొక్క మాట అనలేదు."

అమ్మాయికి అప్పుడు బోధపడింది. చివర మీటరు పెడితే తేడా నిజమేనని తేలుతుంది, కారణం వెతుకుతూ గొట్టం విప్పుతారు, రాగి చుట్ట పీకేస్తారు. ఆ చుట్ట జోలికి ఎవరూ పోకుండా ఈయన మూడు నెలలు చాదస్తుడనిపించుకున్నారు.

"ఏం మాస్టారూ, మూడు డిగ్రీల తేడా కూడా మీ చేతికి తెలిసిపోయిందా?" అన్నారు డాక్టరుగారు, ఈసారి భయభక్తులతో.

మాస్టారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "అరవై డిగ్రీల గొట్టం మీద చెయ్యి పెడితే కాలుతుందయ్యా, తేడా ఎక్కడ తెలుస్తుంది? మీ సంచిలోంచి థర్మామీటరు తీసుకుని చూశాను. ఆరుసార్లు చూశాను. సరదాకైతే చెయ్యి చాలు. వాళ్ల నీళ్లు పోకుండా యంత్రం కట్టాలంటే లెక్క తప్పకూడదు కదా."

డాక్టరుగారు తన సంచిని దగ్గరికి లాక్కున్నారు. బాయిలరు పెద్దాయన టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"మిగతా తొమ్మిది ఫ్యాక్టరీల్లో బట్టలు జాడించే చోట వేడినీళ్లున్నాయా?" అని అడిగారు అధ్యక్షురాలు.

"లేవు మేడమ్" అంది అమ్మాయి.

"అయితే ఆ చుట్ట బొమ్మ గీయించండి. తొమ్మిది ఫ్యాక్టరీలకీ మొదట అది పెట్టి, ఆ తర్వాతే యంత్రం లెక్క వెయ్యండి. గీసేటప్పుడు ఈయన పక్కన ఉండాలి." పెద్దాయన్ని చూపించి, ఆవిడ కలం మూత పెట్టేశారు. "సంతకానికి ముందు చేతులు కడుక్కుంటాను. ఆ కుళాయి ఎక్కడ?"

గోడవతలికి వెళ్లారు. జాడించే ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ఆవిడ కుళాయి కింద రెండు చేతులూ పెట్టి అలాగే నిలబడిపోయారు. వెనక కాగితాలు పట్టుకుని అమ్మాయి, ఆమె వెనక ఐదు శాలల పెద్దలూ వరసగా నిలబడ్డారు. కానివ్వండని ఆవిణ్ణి ఒక్కరూ తొందరపెట్టలేదు.