కొండ మీద వేరుకాపురం

అరకులో మా మొదటి వానాకాలం బూజు ముందుగా నా తోలుచెప్పులకు పట్టింది. తర్వాత బెల్టుకు, గొడుగు పిడికి, చివరికి మా పెళ్లి ఫోటో అద్దానికి లోపలివైపున. జూలై వచ్చేసరికి ఉప్పుజాడీలో నీళ్లు తేలాయి. అగ్గిపుల్లలు గీస్తే మందు ఊడిపోవడమే గాని వెలిగేవి కావు. ఉతికిన పంచె రోజుల తరబడి దండెం మీద వేలాడి, ఆరకుండానే ముక్కవాసన వేసేది. నా డైరీలో సిరా అలుక్కుపోయి, రాత్రి రాసుకున్నది పొద్దున నాకే అర్థమయ్యేది కాదు. ఆ ఏడాది నుంచి పెన్సిలుతో రాయడం అలవాటు చేసుకున్నాను.

తొంభైల మొదట్లో కాఫీతోటల పథకంలో నన్ను అరకు దగ్గరి ఒక ఊరికి వేశారు. కొండరైతులకు కాఫీ నారు పంచడం, నీడకు సిల్వర్ ఓక్ మొక్కలు నాటించడం, అవి బతికాయో లేదో కొండలెక్కి చూసి రావడం నా పని. అప్పటికి అమ్మాయికి పెళ్లి చేసేశాం. విజయనగరం దగ్గర మా సొంతూళ్లో ఉమ్మడి ఇల్లు. అమ్మ, అన్నయ్య, వదిన, మేమిద్దరం. ఏజెన్సీకి బదిలీ అయితే మా శాఖలో మగవాళ్లు ఒంటరిగా వెళ్లి ఒక గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సు కోసం వారమంతా ఎదురుచూస్తూ గడిపేవారు. నేనూ అలాగే వెళ్దామనుకున్నాను. మా ఆవిడ తానూ వస్తానంది.

ఎందుకు వస్తానందో నాకు అక్కడికి వెళ్లాక గాని తెలియలేదు. మా ఇంట్లో పొయ్యి మా అమ్మది. అమ్మ కళ్లు మందగించాక వదినది. పాతికేళ్లుగా మా ఆవిడ వాళ్లు చెప్పిన కూర, చెప్పినంత ఉప్పుతో వండింది. క్వార్టర్లో సామాను దించిన రోజే ఆమె సంతకు వెళ్లి ముల్లంగి తెచ్చి పులుసు పెట్టింది. ముల్లంగి వాసన మా అమ్మకు పడదు, అందుకని మా ఇంట్లో ఏనాడూ వండలేదు. ఆ రోజు ఆమె రెండోసారి కూడా అదే పులుసు వేసుకుని తినడం చూశాను.

మిగతా విషయాల్లో ఆ చోటు మమ్మల్ని విసిగించింది. చెట్టుకొమ్మ విరిగితే కరెంటు పోయేది, లైనుమేను వచ్చేదాకా కొమ్మ తీగల మీదే ఉండేది. కూరగాయలు సంతరోజే దొరికేవి, తర్వాత వారమంతా బంగాళాదుంపలే. గ్యాసుబండ శృంగవరపుకోట నుంచి రావాలి. పేపరు రైల్లో వస్తే ఆ రోజు వార్త ఆ రోజు తెలిసేది, రైలు రాకపోతే లేదు. ఊరికి ఫోను చెయ్యాలంటే ఎస్టీడీ బూతు ముందు నిలబడాలి, లైను కలిసేసరికి ఏం చెప్పాలనుకున్నామో మరిచిపోయేవాళ్లం. మైదానం నుంచి వచ్చిన దుకాణాలవాళ్లు "మనవాళ్లు" అంటూ కుర్చీ వేసేవారు గాని, పుచ్చిన కందిపప్పు కూడా మనవాళ్లకే అంటగట్టేవారు. కొండవాళ్లు తమలో తాము ఒరియా కలిసిన మాట మాట్లాడుకుంటుంటే నేను పక్కన నిలబడి ముఖాలు చూసేవాణ్ణి. చట్టప్రకారం అక్కడ మాలాంటివాళ్లు సెంటు భూమి కొనకూడదు. అది న్యాయమే. కాని ఎన్నేళ్లున్నా మేం అక్కడికి వచ్చినవాళ్లమే, అక్కడివాళ్లం కాము.

ఎదురింట్లో మాత్రం ఒక ఆదివాసీ కుటుంబం మమ్మల్ని దగ్గరకు తీసింది. ఆ ఇంటామె మా ఆవిడ కంటే పెద్దది. మా ఆవిడ ఆమెను, మా వైపు అక్కను పిలిచినట్టు, అప్పా అని పిలిచేది. ఆమె మొదట్లో అమ్మా అనేది, రెండో ఏటికి సెల్లీ అనడం మొదలుపెట్టింది.

జ్వరం మొదట నాకు వచ్చింది, తర్వాత మా ఆవిడకు. మధ్యాహ్నం భోజనం చేసి లేచేసరికి వెన్నులో చలి మొదలై, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కోళ్లు కదిలేవి. ఆ తర్వాత కాక, ఆ తర్వాత చెమట. మర్నాడు ఏమీ జరగనట్టు ఉండేది, ఎల్లుండి మళ్లీ అదే వేళకు మొదలు. క్లోరోక్విన్ బిళ్లల చేదు నాలుక మీద ఉండగానే ఒళ్లంతా దురద.

ఏడాదికి రెండుసార్లు దోమలమందు కొట్టేవాళ్లు పంపులు మోసుకుని వచ్చేవారు. ఆ మందు గోడల మీద తెల్లచారలుగా ఎండి నెలలపాటు ఉండాలి, దోమ వచ్చి వాలితే చావాలి. మా ఆవిడ వంటింటికీ దేవుడి గదికీ తలుపులు వేసేసింది. ముందుగదిలో కొట్టనిచ్చి, వారం తిరక్కుండా ఆ చారలు చూడలేక సున్నం వేయించింది. ఎదురింటామె కూడా కొత్త పంట ఇంటికి తెచ్చుకునే కొత్తల పండగ వస్తోందని తన గోడలకు ఎర్రమట్టి పూసింది. పంపుమనిషి మళ్లీ వచ్చినప్పుడు రెండిళ్లూ చూసి మా అరుగు మీద చతికిలబడ్డాడు.

"మీరు సున్నం ఏత్తారు, ఆలు ఎర్రమట్టి పూత్తారు. మద్దిలో నా మందు ఎవులికీ అక్కర్లేదు. దోమలు కూడా దానికేసి సూడ్డం లేదు," అన్నాడు.

మా ఆవిడ నవ్వి టీ ఇచ్చింది. తలుపులు మాత్రం తెరవలేదు.

రెండో ఏడు మా ఆవిడకు రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండోసారి విజయనగరంలో చూపిస్తే డాక్టరు కడుపు నొక్కి, బల్ల, అంటే ప్లీహం, పెరిగిందన్నాడు. ఒంట్లో రక్తం లేదు, ఇంకోసారి గట్టిగా వస్తే నా దాకా తీసుకురావడానికి మీకు వ్యవధి ఉండదు అని నాతో విడిగా చెప్పాడు. ఇంట్లో అన్నయ్య అది విని, ఆమె ఇంక కొండెక్కక్కర్లేదన్నాడు. నాకూ అదే సబబనిపించింది. సోమవారం పొద్దున బస్టాండుకు వెళ్తే నాకంటే ముందే ఆవిడ సంచీ పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికి?" అన్నాను.

"నా పొయ్యి అక్కడుందండి," అంది.

ఆ పూట బస్సు వదిలేసి ఇద్దరం తిరిగి ఇంటికి వెళ్లాం. చాలాసేపు మాటలు నడిచాక అన్నయ్య ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఇంకొక్కసారి జ్వరం వచ్చిందంటే ఆమె కిందికి దిగిపోవాలి, మళ్లీ ఎక్కే మాట ఎత్తకూడదు. "సరేనండి బావగారూ," అందామె. అన్నయ్యతో ఆమె అన్నేళ్లలో మాట్లాడిన మాటలన్నీ దాదాపు ఆ ఒక్క మాటే.

మూడో ఏడు ఆమె ఆ క్వార్టరును కోటలా కాపాడింది. పొద్దుగూకకుండానే కిటికీలు మూసి, నిప్పుల మీద వేపాకు వేసి గదిగదికీ పొగ పట్టేది. దోమతెర అంచులు పరుపు కిందికి తానే దోపేది. ఆదివారం ఆదివారం బిళ్ల వేసుకునేది. మందు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు దేవుడి పటాలు తన చేతులతో దించి మంచం మీద పెట్టి, ఆ మూల కూడా కొట్టమంది.

"ఏటమ్మా, దేవుడికి కూడా మలేరియా వచ్చిందేటి?" అన్నాడు పంపుమనిషి.

"రాకుండానే నాయనా, నువ్వు కొట్టు," అంది.

ఆ చారల జోలికి ఆమె మళ్లీ పోలేదు.

ఆగస్టులో వాన పట్టుకుని వదల్లేదు. అనంతగిరి ఘాట్‌లో కొండచరియ జారి రోడ్డు మూసుకుపోయింది. రైలుపట్టాల మీద బండరాళ్లు పడి రైలూ ఆగింది. దుకాణాల్లో ముందు ఉల్లిపాయలు అయిపోయాయి, తర్వాత కిరసనాయిలు. అలాంటి ఒక సంతరోజు మా ఆవిడ కూరలు తెచ్చి, నా స్వెట్టరు తొడుక్కుని వరండాలో ముడుచుకు కూర్చుంది. జ్వరమా అని అడిగితే తడిశానంతే అంది. మర్నాడు లేచి రెండు రోజుల పని ఒక్కపూటలో చేసింది. ఆ తర్వాతి మధ్యాహ్నం మళ్లీ స్వెట్టరు. చెయ్యి పట్టుకోబోతే పిండిచేతులంటూ తీసేసుకుంది.

ఎదురింటామె అల్లం ఇవ్వడానికి వచ్చి ఆమెను అలా చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి, తియ్యకుండానే అంది.

"సలిజొరాన్ని దుప్పటి కింద దాసెయ్యగలవేటి సెల్లీ? అదేమన్నా మీ అత్తా, నువ్వు మాటాడకపోతే ఊరుకుంటాదనుకోడానికి?"

"బావగారికి తెలిస్తే ఇంకంతే అప్పా."

"బావకి తెలకపోతే పేనం ఆగిపోతాదా?"

నర్సమ్మ వచ్చి వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం తీసుకుని బిళ్లలిచ్చింది. మింగినవి మింగినట్టు వాంతయ్యాయి. మర్నాటికి మా ఆవిడ నన్ను వాళ్ల నాన్ననుకుని, పశువుల్ని కట్టేశారా అని అడగడం మొదలుపెట్టింది. మండలం ఆసుపత్రిలో కుర్రడాక్టరు ఆమె కళ్లు విప్పి చూసి, ఇది మెదడుకెక్కే రకమని చెప్పాడు. క్వినైన్ మొదటి డోసు తాను ఎక్కిస్తానని, మిగతాది విశాఖపట్నం పెద్దాసుపత్రిలోనే జరగాలని, ఆలస్యం చెయ్యొద్దని అన్నాడు. రోడ్డు లేదన్నాను. తెలుసన్నాడు.

ఆఫీసు జీపు చరియ పడినచోటి దాకా వెళ్లగలదు. అవతలి పక్క వెనక్కి తిరిగే బండి ఏదో ఒకటి ఉంటుంది. మధ్యలో ఉన్నదే కష్టం. ఎదురింటామె భర్త, అతని తమ్ముళ్లు ముగ్గురు, నేను అడగకముందే కర్రా దుప్పటీ తెచ్చి జీపు వెనక ఎక్కారు. చరియ దగ్గర దిగి చూస్తే రోడ్డు ఉన్నచోట ఎర్రటి బురద కదులుతూ కనిపించింది. దాని మీద వేళ్లు పైకి తిరిగిన చెట్లు. వాళ్లు దుప్పటిని కర్రకు కట్టి డోలీ చేసి ఆమెను పడుకోబెట్టారు. నేను గొడుగు పట్టుకుని పక్కన నడవబోయాను.

"బాబూ, నువ్వు ఎనకాల రా. నువ్వు పడితే నిన్ను మొయ్యడానికి మనుసుల్లేరు," అన్నాడు ఎదురింటాయన.

వెనకాలే వెళ్లాను. మోకాలి దాకా దిగబడుతూ, వాళ్లు ఎక్కడ అడుగు వేస్తే అక్కడే వేస్తూ. డోలీ ఒకసారి ఒక పక్కకు ఒరిగింది. చివరి తమ్ముడు బురదలో కూర్చుండిపోయి భుజం మాత్రం దించలేదు. అవతల సిమెంటు దింపుకోలేక ఆగిపోయిన ఒక వ్యాను డ్రైవరు డోలీ చూడగానే తలుపు తీశాడు.

పెద్దాసుపత్రిలో ఆమె తెలివిలోకి రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఒక పొద్దున కళ్లు తెరిచి, ఎక్కడున్నామని అడిగింది. విశాఖపట్నమన్నాను.

"అయితే దిగిపోయామన్నమాట," అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమెను సొంతూళ్లో దించి నేను ఒక్కణ్ణే వెనక్కి వెళ్లాను. బదిలీకి దరఖాస్తు పెట్టాను. నీ చోటికి రావడానికి ఎవరైనా ఒప్పుకుంటే అలాగే చూద్దామన్నారు పైఅధికారులు. ఎవరొప్పుకుంటారు? సాయంత్రాలు అన్నం వార్చుకుని పెరుగు లేక మజ్జిగపొడి కలుపుకుని తిన్నాను. దోమతెర అంచులు దోపుకోవడం నాకు ఎప్పుడూ సరిగా వచ్చేది కాదు.

కార్తీకం చివర ఒక ఆదివారం ఊరికి వెళ్లాను. వసారాలో అన్నయ్య పేపరు చదువుతున్నాడు. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మా ఆవిడ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కాస్త ఒళ్లు చేసింది గాని ముఖంలో కళ లేదు.

"బావగారూ, వానలు తగ్గాయి. నేను కొండకెళ్తానండి," అంది.

అన్నయ్య పేపరు దించాడు. "మనం ఒక మాట అనుకున్నాం కదమ్మా."

"అనుకున్నామండి. జ్వరమొచ్చింది, దిగాను. ఆ మాట చెల్లిపోయింది. ఇప్పుడు ఇంకో మాట చెప్తున్నాను. ఏటా తొలకరి పడగానే నా అంతట నేనే దిగొస్తాను. కార్తీకం దాకా ఈ ఇంట్లో ఏం వండమంటే అది వండుతాను. మిగతా నెలలు నావి."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను.

"ఏటే, ఏడాదిని కోక సింపినట్టు సింపి పంచుతన్నావా?" అంది అమ్మ. "మరి నాను ఎండాకాలంలో సత్తేనో?"

"రైలుంది కదా అత్తా."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ చేటలో పడేసి ఆమె వైపు తిరిగింది. ఎగాదిగా చూసి, "అయితే బేగి ఎల్లు, సలికాలం సగం అయిపోతంది," అని మళ్లీ ఒలుచుకోవడం మొదలుపెట్టింది. అన్నయ్య పేపరు పైకెత్తుకున్నాడు. ఆ ఇంట్లో అంతకుమించి ఎవరూ ఒప్పుకోరు.

నేను రిటైరయ్యేదాకా అలాగే గడిచింది. ఆ ఏర్పాటు డాక్టరుకు నచ్చలేదు. చలికాలంలో దోమలు తగ్గుతాయే గాని ఉండకపోవని ప్రతిసారీ చెప్పేవాడు. నాకూ నచ్చలేదు. వానాకాలమంతా ఒంటరిగా, రెండు మూడేళ్లకోసారి వణుకుతూ గడపడం అలసట. ఆమెకు మళ్లీ ఒకసారి వచ్చింది, తేలిగ్గా పోయింది. బల్ల పూర్తిగా తగ్గలేదు. మొదటి వాన పడిన వారంలో ఆమె తన మాట ప్రకారం తానే పెట్టె సర్దుకునేది.

అలా దిగే రోజు ఎదురింటామె ప్రతి ఏడూ స్టేషను దాకా వచ్చేది. రైలు వచ్చే ముందు మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎల్లు సెల్లీ, దోమలికి మేమున్నాం కదా," అనేది. నవ్వుతూనే అనేది. ఆమె కోడలికి ఏటా జ్వరమే, చంటిబిడ్డకూ జ్వరమే. వాళ్లు దిగడానికి కింద ఊరేదీ లేదు.

మా ఆవిడ ఎక్కిన రైలు కదిలాక నేనూ ఎదురింటామే ఎవరి గొడుగు వాళ్లం వేసుకుని, బురదలో ఇంటిదారి పట్టేవాళ్లం.