మేనత్తకు మిరపకాయల్లో సున్నా

ఆ రోజుల్లో, అంటే మహా అయితే మూడేళ్ళ కిందట, నా జీవితంలో ఒక మహాకావ్యానికి సరిపడా ఘట్టం జరిగింది. గర్వం, పతనం, కన్నీళ్ళు, అన్నీ ఉన్నాయి. సర్గలుగా విడదీసి చెబుదామనే కూర్చున్నాను. కానీ నిజానికి జరిగింది ఒక వెబ్ పేజీలో, ఒక పూటలో. కన్నీళ్ళు కూడా మిరప ఘాటుకి వచ్చినవే.

గుంటూరులో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరి, పెదకాకాని దారిలోని ఒక మిరపకాయల షెడ్డుకి పరీక్ష పేజీ తయారుచేశాను. వీడియోలో బెల్టు మీద కాయలు వస్తుంటాయి. ఒక్కో కాయనీ మౌసుతో పట్టుకుని లాగి మంచివాటిని ఒక బుట్టలో, రంగు పోయిన తాలు కాయల్ని ఇంకో బుట్టలో వేయాలి. వెనక నా గొంతే, సినిమా ట్రైలర్ స్థాయిలో: "కాయను పట్టుకుని లాగండి!" ఇందులో పాసైతేనే షెడ్డులో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఆ ఉద్యోగానికి మా మేనత్త వచ్చింది. చిన్నప్పటి నుంచీ కల్లాల్లో కాయలు ఏరిన మనిషి. పక్షవాతం వచ్చాక కుడిచేయి వణుకుతోందని ఏరుడు పనికి ఎవరూ పిలవడం లేదు. ఇక ఇదొక్కటే ఆశ. (చర్చి పాటల కాగితాలు ఎడమచేతి ఒక్క వేలితో టైపు చేసేది కాబట్టి కంప్యూటరంటే ఆమెకు భయం లేదు. భయపడాల్సింది నేనని అప్పటికి తెలీదు.)

పరీక్ష షెడ్డులోనే, నా ఎదుటే. అత్త మౌసు ముట్టుకోగానే బాణం గుర్తు తెరంతా చిందులేసింది. మౌసుని పక్కకు నెట్టి, మౌసు లేకుండానే తెర మీద ఒకదాన్నించి ఇంకోదానికి గెంతించే ట్యాబ్ కీని అలవాటుగా నొక్కింది. వీడియోలోకి వెళ్ళింది. మళ్ళీ నొక్కితే సౌండు బటన్. ఇంకోసారి నొక్కితే మళ్ళీ వీడియో. బుట్టల వైపు పోదు, బయటికీ రాదు. తెరలోంచి నేను మాత్రం "లాగండి!" అని అరుస్తూనే ఉన్నాను.

"ఒరేయ్, ముందు వాడి నోరు ముయ్యరా."

"అది నేనే అత్తా."

"అందుకే చెబుతున్నా."

టైమైపోయింది. ఎర్రటి అక్షరాల్లో వచ్చింది: 'సున్నా. మీకు మిరపకాయల గురించి అవగాహన లేదు.' ఆ వాక్యం రాసిందీ నేనే.

పక్కనే నిలబడి చూస్తున్న షెడ్డు మేనేజరు గారు కల్పించుకున్నారు. "పోన్లేమ్మా, వేరేవాళ్ళని చూసుకుంటాం."

అత్త కుర్చీ వదల్లేదు. "ఉండండి సారూ. ఏరా, ఆ మౌసు పీకి జేబులో పెట్టుకో. ఇప్పుడు నువ్వు ఏరి చూపించు."

కూర్చున్నాను. ట్యాబ్, ట్యాబ్, ట్యాబ్. నా పేజీ, నా వీడియో, నా గొంతు. నాకూ సున్నా. (అవగాహన లేదన్న ముక్క నా విషయంలో అక్షరాలా నిజం.)

మేనేజరు గారు నవ్వాపుకుని, భోజనాలయ్యేదాకా గడువిచ్చారు. ఈలోపు ట్యాబ్ కీ వీడియో దాటి కాయల దగ్గరికి వెళ్ళేలా, ఎడమ బాణం కీ నొక్కితే మంచి బుట్టలో, కుడి బాణం కీ నొక్కితే తాలు బుట్టలో కాయ పడేలా మార్చాను. అత్త ఒక్క వేలితో టకటకా ఏరేసింది. రెండు తప్పులని చూపించింది నా పేజీ.

"అవి తాలు కాదురా సన్నాసీ, నీ వీడియోలో వాటి మీద ఎండ పడింది."

మేనేజరు గారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అవునమ్మా, మంచి కాయలే. సోమవారం నుంచి వచ్చెయ్" అన్నారు.

ఆ ట్రైలర్ గొంతు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. తన రెండు చేతులూ బాగున్నాయి కాబట్టి లోకమంతా బాగుందనుకున్నాడు, పిచ్చోడు. ఇప్పుడు ఏ పేజీ చేసినా ముందు మౌసు పీకేసి చూస్తాను. వైర్‌లెస్ మౌసైతే అడుగున స్విచ్ ఉంటుంది.