జైలు గోడ సున్నం

పాత జైళ్లకూ పాత సమాధులకూ ఫోటోలు తీస్తానని మా ఇంట్లో నాకు పెద్ద మర్యాదేమీ లేదు. "పెళ్లికి పిలిస్తే పోడు, శ్మశానానికైతే పిలవకపోయినా పోతాడు" అని మా అమ్మే నలుగురిలో అంటుంది. అలాంటి మనిషి, చిత్తూరు దగ్గర ఒక పాత సబ్‌జైలును పడగొట్టబోతున్నారనీ, లోపల ఫోటోలు తీసుకోనిస్తామన్నారనీ నేను చెప్పగానే తింటున్న కంచం పక్కకు జరిపింది.

"నేనూ వస్తా. మీ పెద్దమామ ఆడనే కదా పోయినాడు."

ఆ సంగతి నాకు తెలుసు. గట్టు తగాదాలో ఎవరిదో తల పగిలిందని అమ్మ వాళ్లన్నను పట్టుకుపోయారు. విచారణ మొదలుకాకముందే జ్వరం వచ్చి లోపలే పోయాడు. జైలు కూడు తిన్నోడు మన చేలోకి రాకూడదని తాత భీష్మించాడు. ఊరు కాని ఊళ్లో ఎవరో పూడ్చేశారు, ఎక్కడో తెలియదు. ముక్కూ మొహం తెలియని దొరల సమాధులకు నేను ఎన్ని ఫోటోలు తీశానో! మా మామకు తీద్దామంటే ఒక రాయి కూడా లేదు.

అమ్మ పుట్టింటి చేను వడమాలపేట దగ్గర. ఆ ఇంట్లో పోయినవాళ్లందరినీ చేను మూలలో వరసగా పూడ్చారు. బయటెక్కడో పోయినవాళ్లకైతే, ప్రాణం పోయిన చోటి నుంచి పిడికెడు మన్ను తెచ్చి ఆ వరసలో పూడ్చి రాయి పెడతారు. పెద్దమామకు అదీ చేయలేదు. తాత పోయాకైనా చేద్దామంటే, "నాయన మాట దాటొద్దక్కా" అని చిన్నమామ నాన్చుతూ వచ్చాడు.

అమ్మ కొత్త పసుపు గుడ్డ కొంగున ముడేసుకుని బయల్దేరింది. ఆ జైల్లో మగవాళ్లకున్నది ఒకటే గది. కాపలా ఆయన తలుపు తీశాడు. నేను కటకటాల ఫోటోలు తీసుకుంటుంటే, అమ్మ నడుం వంచి నేలంతా తడుముతూ తిరిగింది.

"మన్నేదిరా?"

నేలంతా బండలు. సందుల్లో సిమెంటు. మనిషి పోయిన చోట మన్ను లేకుండా ఉంటుందని ఆమెకు తోచనే లేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

"వాకిట్లో కావాల్సినంత ఉండాది, తీసుకోమ్మా" అన్నాడు కాపలా ఆయన.

"బయట మన్ను నాకెందుకప్పా? మాయన్న బయటికి రాలేదు కదా."

నాకు ఒళ్లు మండింది. ఏ మన్నయితే ఏమి, పదమ్మా అని కసిరాను. ఆమె వినిపించుకోలేదు. గోడ దగ్గర చతికిలబడి, మనిషి వీపు ఆనే ఎత్తులో పెచ్చులూడుతున్న సున్నాన్ని గోటితో గీకసాగింది.

"జొరమొచ్చినోడు ఈడ ఆనుకోకుండా ఉంటాడా?" అంది.

డెబ్బై దాటిన మనిషి. గోరు చీరుకుని నెత్తురొస్తున్నా ఆపలేదు. కెమెరా పక్కన పెట్టేసి, బండి తాళంతో నేనూ గీకాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆ గోడకు మాత్రం ఫోటో తీయలేకపోయాను.

అటు నుంచి అటే చేనుకు పోయాం. అమ్మ చేతిలో మూట చూసి చిన్నమామ మొహం మాడ్చుకున్నాడు.

"అక్కా, నాయన..."

"నన్ను మీ బావ పక్కన పెడతార్రా, వాళ్ల చేలో. ఇంకో ఇంటికి ఇచ్చిన ఆడబిడ్డను, ఈ వరసలోకి నేనెట్లా రాను. అన్ననైనా రానీ."

 మామ మోటారు కొట్టంలోకి పోయి పార తెచ్చాడు. తాత పక్కనే గుంట తీశాడు. తీస్తున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు.

అమ్మ గుడ్డతో సహా సున్నాన్ని గుంటలో పెట్టి మన్ను కప్పింది. పసిబిడ్డను జోకొట్టినట్టు అరచేత్తో రెండు మూడుసార్లు తట్టింది.

"నాయన పక్కనే ఉండాడు, బయపడొద్దన్నా. ఇంక ఏమీ అనడులే. పండుకో."