రెండు వేళ్ల సందు

కార్ల సీట్లకు కవర్లు కుట్టే సీట్లాయన, బండి వెనక తలుపు అద్దానికి పాత న్యూస్‌పేపరు ఆనించి, అంచు వెంట మసి బొటనవేలితో గట్టిగా రాస్తున్నాడు. కాగితం మీద అద్దం ఆకారం నల్ల గీతలా పడుతోంది. ఆ గీత మీదే కత్తెర నడుస్తుంది. టేపుతో కొలవడం ఆయనకు నచ్చదు. ఒంపుల దగ్గర టేపు అబద్ధం చెబుతుందంటాడు.

బండి బావమరిదిది. వారమంతా ఆఫీసులో రిజిస్టర్లు రాసే ఆ మనిషి, శనివారం వస్తే కెమెరా భుజాన వేసుకుని నీటి పక్షుల కోసం బయలుదేరతాడు. తెల్లవారేసరికి మడుగు పక్కన ఉండాలి గనక బండిలోనే పడుకుంటాడు. పోయినసారి ఎవరో అద్దానికి మొహం ఆనించి టార్చి వేసి చూశారట. అతను ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు గానీ, వాళ్లక్క, అంటే సీట్లాయన భార్య, నవ్వలేదు. లోపల మనిషి ఉన్నట్టు బయటికి పిసరంత కూడా తెలియకుండా తెరలు కుట్టమని మొగుడికి చెప్పింది. అవి తయారయ్యేదాకా తమ్ముణ్ణి గడప దాటనివ్వనంది. అతనేమో ఆ సాయంత్రమే బయలుదేరాలి.

సీట్లాయనకు పని నేర్పినవాళ్లు లేరు. పాత సీట్లు ఒక్కో కుట్టూ విప్పి, మళ్లీ అలాగే కుట్టి నేర్చుకున్నాడు. ఈ ముప్పై ఏళ్లలో ఆయన వేసిన కవరు ముడత పడిందన్నవాళ్లు లేరు. ఎవరైనా పని గురించి ఉపన్యాసం మొదలుపెడితే మిషను తొక్కుతాడు. ఆ చప్పుడే జవాబు.

మధ్యాహ్నానికి ఆరు తెరలూ అయ్యాయి. బయటికి నలుపు, లోపలికి బూడిదరంగు, మధ్య పల్చటి ఫోము. అంచుల్లో సన్న తీగ పెట్టి కుట్టడంతో, నొక్కితే అద్దం చుట్టూ ఉన్న రబ్బరులోకి దూరి కూర్చుంటున్నాయి. వెనక పడకకి వేసిన చెక్క పలకను డ్రైవరు సీటు దాకా రాకుండా ముందే ఆపాడు. ఎవరైనా వచ్చి తలుపు కొడితే, కిందికి దిగకుండానే బండి తీసుకుని వెళ్లిపోవాలి కదా.

భార్య లోపల టార్చి వెలిగించి పెట్టి, బయట చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా వెలుతురు చుక్క లేదు.

“సీసాకి మూత పెట్టినట్టుంది బావా,” అన్నాడు బావమరిది.

సీట్లాయన పొంగిపోయాడు గానీ పైకి దారపు పోగు ఒకటి తెంపి ఊరుకున్నాడు.

సీటు కుడితే తను కూర్చుని చూశాకే అప్పగించడం ఆయన అలవాటు. ఇది పడక గనక పడుకుని చూడాలన్నాడు. షెడ్డు నీడలోనే బండి పెట్టించి, తలుపులు వేసుకుని, గంటకి లేపమన్నాడు.

అరగంటకే మెలకువ వచ్చింది. చొక్కా వీపుకి అతుక్కుంది. తల దిమ్ముగా ఉంది. తెర పక్కకి లాగితే అద్దం లోపలివైపు తడితడిగా ఉంది. అప్పుడు చూసుకున్నాడు, తన కుడిచెయ్యి సీట్ల మధ్య నుంచి ముందుకు చాచుకుని, బండికే ఉన్న ఇంజను తాళం మీద ఉంది. తిప్పమని ఆయన చెప్పలేదు. చల్లగాలి కోసం చెయ్యే వెళ్లింది.

దిగి బండి కిందికి వంగి చూశాడు. పొగ బయటికి పోయే సైలెన్సరు గొట్టానికి తుప్పు చిల్లులు.

“ఉక్కపోస్తే ఏం చేస్తావురా?” అని బావమరిదిని అడిగాడు.

“ఏముంది, ఇంజన్ వేసి ఏసీ పెట్టుకుంటా.”

“ఆగిన బండి పొగ ఎటు పోతుందో తెలుసా? లోపలికొస్తే నిద్రలో ఉన్నవాడికి తెలీదు. లేపేవాడు ఉండడు.”

“అయితే అద్దం కాస్త దించుకుంటాలే.”

“దించినా గాలి రాదు. సందు లేకుండా కుట్టింది నేనే.”

సీట్లాయన కత్తెర తీసి ఎడమ వెనక తెర పైఅంచు కోయడం మొదలుపెట్టాడు.

“బాగున్న బట్టని చేజేతులా పాడుచేస్తున్నారేంటండీ? వాణ్ణి మళ్లీ అందరూ చూడాలా?” అంది భార్య.

ఆయన మిషను తొక్కాడు.

రెండు వేళ్ల వెడల్పున కోసిన చోట దోమతెర గుడ్డ వేసి కుట్టాడు. దానికి బయటివైపు నల్లగుడ్డ రెక్క ఒకటి చూరులా దింపాడు. గాలి కింద నుంచి పైకి ఎక్కి లోపలికి వస్తుంది, చూపు రాదు. కుడి ముందు తెరకీ అలాగే చేశాడు. ఎదురెదురు మూలలైతే గాలి ఆడుతుంది. ఆ రెండు అద్దాలూ రెండేసి వేళ్లు దించాడు. అద్దాల పైన వాన రేకు ఉంది గనక చినుకు పడినా ఇబ్బంది లేదు. మొదటి కుట్టంత నున్నగా రాలేదు. అంచు దగ్గర కొద్దిగా ఉబ్బింది. అలాగే వదిలేశాడు.

భార్య మళ్లీ టార్చి పెట్టి తిరిగింది. రెక్క కింద అరచెయ్యి పెట్టి, వంగి ఒక కన్ను మూసి చూసింది. బండిలో టార్చి ఆర్పేసి ఇంట్లోకి వెళ్లిపోయింది. పనికి ఒప్పుకున్నట్టే.

ఆయన మళ్లీ పడుకున్నాడు. ఈసారి గంట నిండాక లేపితేగానీ లేవలేదు. అద్దాలు పొడిగా ఉన్నాయి. చెయ్యి పొట్ట మీదే ఉంది.

తర్వాత డ్రైవరు పక్క తెరకి లోపలివైపు చిన్న జేబు కుట్టి, ఇంజను తాళం అందులో వేశాడు.

“పడుకుంటే తాళం ఇక్కడుండాలి. ఇది బండి తీసుకుని పోవడానికి, చల్లగాలికి కాదు. సోమవారం ఆ గొట్టం మార్పించు.”

“అలాగే బావా,” అన్నాడు బావమరిది, ఎగతాళి లేకుండా.

ఆరు తెరలూ అతని చేతే మూడుసార్లు పెట్టించి, తీయించాడు. మూడోసారి తడబడలేదు. అప్పుడు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టి, నాడా కట్టి, చుట్టను అతని చేతిలో పెట్టాడు.