వేళ్లు చూసే నర్సక్క

మనిషి ఒంట్లో ఎన్ని రకాల కణాలున్నాయో పటం గీయడానికి చాలా దేశాలు కలిశాయి. అందులో మా తిరుపతి ల్యాబ్ వంతు, ఆరోగ్యవంతుల నెత్తురు పంపడం.

నెత్తురు తీసే నర్సక్క ముందుగా వచ్చినవాళ్ల వేళ్లు చూసేది. పసుపు అంటుకుని ఉంటే మెట్టుమెట్టుకూ బొట్టు పెడుతూ కొండెక్కినట్టే. అలసిన ఒంట్లో కణాల తీరు మారుతుందని వెనక్కి పంపేసేది.

ఒకసారి ఒక నమూనా తక్కువైంది. ముందురోజే కొండెక్కిన నేను, నా నెత్తురే ఇద్దామని వేళ్లు బాగా తోముకుని వెళ్లాను. కూర్చోమంది. మోకాళ్లు వంచగానే "అబ్బా" అన్నాను.

అక్క సూది పక్కన పెట్టేసింది. "నువ్వు దాచినా నీ నెత్తురు దాచదప్పా. నాలుగు దినాలు పండుకోని రా."

నమూనా ఎందుకు తగ్గిందని విదేశాలవాళ్లు అడిగితే అదే రాశాను. ఇప్పుడు నెత్తురిచ్చేవాళ్లందరి ఫారాల్లోనూ 'ఈమధ్య కొండెక్కారా?' అన్న ప్రశ్న ఉంది. కొండల్లేని దేశాల్లోనూ దానికి జవాబు రాస్తున్నారు.